పదో తరగతి పరీక్షలయ్యాక మా అబ్బాయికి దేనిమీదా ఆసక్తి లేదు: ఈ సెలవులను ఎలా గడపనివ్వాలి?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక తల్లి):

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదిహేనేళ్ళు నిండాయి. ఈ మధ్యనే పదో తరగతి పరీక్షలు రాశాడు, ఫలితాలు ఇంకా రాలేదు. గడిచిన ఏడాదంతా పొద్దున స్టడీ అవర్, సాయంత్రం ప్రత్యేక తరగతులు, ఆదివారం స్లిప్ టెస్టులు అంటూ ఊపిరి సలపకుండా తిరిగిన పిల్లవాడు పరీక్షలయ్యాక కొన్నాళ్ళు కంటినిండా నిద్రపోతుంటే మేమూ సంతోషించాం. ఇప్పుడు మాత్రం రాత్రి రెండు, మూడు గంటలవరకు ఫోను పట్టుకొని మేలుకొంటున్నాడు, పగలు పదకొండు దాటితే గాని లేవడం లేదు, అన్నం కంచం కూడా తన గదిలోకే తీసుకుపోతున్నాడు. ఏమడిగినా "ఊఁ" అనడం తప్ప నోరు విప్పడం లేదు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళిపోతాం, ఇంట్లో తానొక్కడే ఉంటాడు. ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. పది గంటలు దాటాక బయటికి వెళ్ళి ఆడుకోమని చెప్పే వీలు లేదు.

కళాశాలల పీఆర్వోలు రోజూ ఫోను చేసి, ఇప్పుడే బ్రిడ్జి కోర్సులో చేర్పిస్తే ఇంటర్‌లో అందరికన్నా ముందుంటాడని చెబుతున్నారు. ఇంట్లో ఊరికే పడి ఉండటంకన్నా అదే మేలని మా వారి అభిప్రాయం. మా ఆడపడుచు, రోజుకు ఇన్ని పేజీలు చదివితే ఇంత డబ్బు అని లెక్కగట్టి ఇవ్వండి, వాడే దారికి వస్తాడని సలహా ఇచ్చింది. నాకు ఈ రెండూ మనస్కరించడం లేదు గాని, వాటికి బదులుగా ఏం చేయాలో తోచడం లేదు. ఇది వట్టి బద్ధకమా, అలసటా, లేక నేను భయపడవలసిన విషయమా? కోప్పడకుండా, బతిమాలకుండా వాడిలో కాస్త ఉత్సాహం పుట్టించే మార్గం ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (తెనాలి నుంచి ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు):

అమ్మా, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి పిల్లలతోనే నా ఉద్యోగకాలం చాలావరకు గడిచింది కాబట్టి నాకు తెలిసినంతలో చెబుతున్నాను. ముందుగా బ్రిడ్జి కోర్సు విషయం. వేసవి సెలవుల్లో తరగతులు నడపకూడదని, ప్రవేశాల ప్రకటన వెలువడకముందే పిల్లలను చేర్చుకోకూడదని ఇంటర్ బోర్డు కళాశాలలను హెచ్చరిస్తూనే ఉంటుంది. ఆ మాట పక్కన పెట్టినా, ఏడాదిపాటు ఇతరులు మోగించిన గంటకు లేచి, ఇతరులు మోగించిన గంటకు పడుకున్న పిల్లవాడికి ఇప్పుడు మరొక గంట తగిలిస్తే చదువుమీద మిగిలిన కాస్త ఇష్టం కూడా పోతుంది. మీ వారి ఆందోళనలో తప్పు లేదు, కానీ అందుకు ఈ కోర్సు మందు కాదని నా గట్టి నమ్మకం.

ఇక పేజీకి ఇంత అని డబ్బు లెక్కగట్టడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న ఒక శిశు పాఠశాలలో 1973లో ప్రచురితమైన ప్రసిద్ధ ప్రయోగం ఒకటి జరిగింది. రంగు పెన్నులతో బొమ్మలు గీయడమంటే సహజంగానే ఇష్టపడే చిన్నపిల్లలను ఎంచుకొని, కొందరికి బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి ముందు చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత అవే పెన్నులను మళ్ళీ తరగతి గదిలో పెట్టి గమనిస్తే, బహుమతి కోసమే గీసిన పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావారు గడిపినదానిలో సుమారు సగమే ఉంది. ముందు చెప్పకుండా బహుమతి అందుకున్నవారిలో ఈ తగ్గుదల కనిపించలేదు. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ కోవలోనే దశాబ్దాలపాటు పరిశోధించి, మనిషికి ఒక పనిమీద మనసు నిలవాలంటే అది తాను ఎంచుకున్నదనే భావన, చేయగలుగుతున్నాననే నమ్మకం, తనవాళ్ళతో అనుబంధం అనే మూడూ ఉండాలని తేల్చారు. మీ అబ్బాయి దినచర్యలో ఇప్పుడు ఈ మూడింటిలో ఏది ఉందో ఒక్కసారి చూడండి. ఫోనులో ఆడే ఆట అతనికి ఈ మూడూ ఇస్తోంది. మనం ఇంట్లో ఒక్కటీ ఇవ్వడం లేదు. అందుకే అతను దాన్ని వదలడం లేదని నాకనిపిస్తుంది.

కాబట్టి అతనికి కాలక్షేపం వెతికిపెట్టకండి. ఇంట్లో అందరికీ అవసరమైన ఒక పూర్తి పనిని, మొదటినుంచి చివరిదాకా, అతని చేతికి అప్పగించండి. మా మనవరాలు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన వేసవిలో ఆ ఏటి ఆవకాయ మొత్తం ఆమెకే వదిలేశాం. కాయలు ఎంచడం, ముక్కలు కొట్టించుకురావడం, ఒక్కొక్క ముక్కలో జీడి తీసేసి టెంకెకు అంటుకున్న పొరను గోటితో లాగి పొడిగుడ్డతో తుడవడం, ఆవపిండి, కారం, ఉప్పు గిన్నెలతో కొలిచి కలపడం అన్నీ ఆమే చేసింది. తడి తగిలితే బూజు పడుతుందని వాళ్ళ నాయనమ్మ ఒక్క మాట చెప్పి ఊరుకుంది. మూడో రోజున జాడీ తెరిచి తిరగకలిపినప్పుడు ఉప్పు చాలలేదని ఆ పిల్లే గుర్తించింది, ఎంత వేయాలో ఆమే నిర్ణయించింది. ఆ రోజంతా ఫోను ఎక్కడుందో కూడా ఆమెకు గుర్తు లేదు. మీ అబ్బాయికి ఆవకాయే పెట్టించమని నేను చెప్పడం లేదు. ఇంటి సరుకుల బడ్జెట్ కావచ్చు, నాయనమ్మ మందుల లెక్క కావచ్చు, డాబామీద కూరమళ్ళు కావచ్చు. పాడైతే నష్టం నిజంగా ఉండే పని, మధ్యలో మనం చేయి పెట్టని పని అయి ఉండాలి. ఏ పని అన్నది అతన్నే ఎంచుకోనివ్వండి.

సమాధానం (నరసరావుపేట నుంచి ఒక కిరాణా వ్యాపారి):

మాస్టారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తున్నాను గాని, డబ్బు విషయంలో నా ఆలోచన కొంత వేరు. చదివినందుకు డబ్బు ఇవ్వడం వేరు, పని చేసినందుకు కూలి ఇవ్వడం వేరు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి సెలవుల నుంచి సాయంత్రం రెండు గంటలు మా కొట్లో కూర్చుంటున్నాడు. సరుకు వచ్చినప్పుడు బిల్లుతో సరిచూడటం, ఫోన్‌పేలో వచ్చిన డబ్బును రాత్రి పుస్తకంలోకి ఎక్కించడం, అరువు ఖాతాలు చూడటం అతని బాధ్యత. వారానికొకసారి, గుమాస్తాకు ఇచ్చినట్టే, లెక్క చూసి అతని చేతికి ఇస్తాను, ఆ డబ్బు ఏం చేశావని అడగను. కష్టార్జితమన్నది ఎలా ఉంటుందో ఆ వయసులో తెలియడం మంచిదే. ఎదిగే పిల్లవాడికి అది గౌరవం కూడా.

చట్టం విషయం కూడా చెప్పాలి. పద్నాలుగేళ్ళు నిండని పిల్లలను బయట పనిలో పెట్టుకోవడం నేరం. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపువారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. కనుక తెలిసినవారి మెకానిక్ షెడ్డులో, మిల్లులో వదిలేసి రావద్దు. అలాగే, సెలవుల్లో బండి నేర్పించమని పిల్లలు వేధిస్తారు. 2019లో మారిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి దొరికితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు, ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఈ ఒక్క విషయంలో మాత్రం పిల్లల ఇష్టానికి వదలకండి.

సమాధానం (విశాఖపట్నం నుంచి, పిల్లల మానసిక ఆరోగ్య విభాగంలో పనిచేస్తున్న వైద్యురాలు):

మీ ప్రశ్నలో అసలైన భాగం చివరి వాక్యాల్లో ఉంది: బద్ధకమా, అలసటా, భయపడవలసినదా. ముందు నిద్ర గురించి చెబుతాను. ఈ వయసులో నిద్రను రప్పించే మెలటోనిన్ అనే హార్మోను శరీరంలో చిన్నప్పటికన్నా ఆలస్యంగా విడుదలవుతుంది. అందుచేత కౌమారంలో ఉన్న పిల్లలకు తొమ్మిదింటికి నిద్ర రాకపోవడం సహజం, అది మొండితనం కాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణులు సిఫారసు చేస్తారు. కాబట్టి మీ అబ్బాయి ఎనిమిది గంటలు పడుకుంటున్నాడన్నది సమస్య కాదు. ఆ ఎనిమిది గంటలు తెల్లవారుజామున మూడింటికి మొదలవుతున్నాయన్నదే సమస్య. దాన్ని ఒక్క రాత్రిలో సరిచేయబోతే ఇంట్లో యుద్ధం తప్ప ఫలితం ఉండదు. లేచే వేళను రెండు మూడు రోజులకొకసారి అరగంట ముందుకు జరుపుతూ రండి, పడుకొనే వేళ దానంతట అదే వెనుకనుంచి వస్తుంది. లేచిన వెంటనే కళ్ళకు పగటి వెలుతురు తగలడం ఈ మార్పుకు బాగా తోడ్పడుతుంది.

మన ఊళ్ళలో మే నెలలో బయట తిరగగలిగేది ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం అయిదున్నర తర్వాత మాత్రమే. రోహిణి కార్తె వచ్చాక అదీ కష్టమే. అయిదు నుంచి పదిహేడేళ్ళ వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాలు ఒంటికి చెమట పట్టే ఆట లేదా వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దున్నే లేవడానికి క్రమశిక్షణ కారణంగా చూపితే ఏ పిల్లవాడూ లేవడు, ఆరింటికి మైదానంలో స్నేహితులు ఎదురుచూస్తుంటే తానే లేస్తాడు. అందుకని ముందు ఆటను కుదర్చండి, నిద్ర దాని వెంట సర్దుకొంటుంది. ఫోను రాత్రివేళ హాల్లో చార్జింగ్‌కు పెట్టాలన్న నియమం ఇంట్లో ఒక్కరికే కాకుండా మీ ఇద్దరికీ కూడా వర్తించేలా ఉంటే అతను వింటాడు.

ఇక భయపడవలసినది ఎప్పుడు అన్నది. అలసిపోయిన పిల్లవాడు చదువంటే ముఖం తిప్పుకుంటాడు గాని, ఇష్టమైన స్నేహితుడు వచ్చినా, ఇష్టమైన జట్టు ఆడుతున్నా ముఖంలో వెలుగు వస్తుంది. కుంగుబాటులో ఉన్న పిల్లవాడికి ఇంతకుముందు ప్రాణంగా చూసుకున్నవి కూడా రుచించవు. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగానో చిరాకుగానో ఉండటం, ఆకలి బాగా తగ్గడం లేదా పెరగడం, స్నేహితులను కూడా తప్పించుకు తిరగడం, "నావల్ల ఏమీ కాదు", "నేను లేకపోతే మీకే సుఖం" వంటి మాటలు రావడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరకు తీసుకురండి. చనిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా, మెల్లగా అడగడానికి వెనుకాడకండి. అడగడంవల్ల ఆ ఆలోచన పుట్టదు, దాచుకున్న బాధ బయటికి వస్తుంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు, తల్లిదండ్రులు కూడా సలహా అడగవచ్చు.

ఫలితాలు ఇంకా రాలేదన్నారు. ఆ రోజు మీ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. మార్కులు చూడకముందే, ఎన్ని వచ్చినా సాయంత్రం ఫలానా చోటికి వెళ్ళి భోంచేద్దామని అనుకోండి. ఒకవేళ ఏదైనా సబ్జెక్టు తప్పినా కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంటుందని, ఏడాది వృథా కాదని అతనికి ముందుగానే తెలిసి ఉండాలి. బంధువుల ఫోన్లకు మీరే సమాధానం చెప్పండి, అతని చేతికి ఇవ్వకండి.

సమాధానం (హైదరాబాదు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని):

ఆంటీ, పెద్దవాళ్ళు చెప్పినవాటికి ఒక్క విషయం చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే నేను ఆ వేసవి దాటి ఎంతో కాలం కాలేదు. పదో తరగతి అయ్యాక వచ్చే సెలవులు మిగతా సెలవుల్లాంటివి కావు. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీమీద కూర్చున్న స్నేహితుల్లో ఒకరు విజయవాడ హాస్టలుకు, ఒకరు హైదరాబాదుకు, ఒకరు పాలిటెక్నిక్‌కు వెళ్ళిపోతారు. చాలా రెసిడెన్షియల్ కళాశాలల్లో ఫోను ఉండనివ్వరు. అంటే ఈ నెలా రెండు నెలలే వాళ్ళతో మాట్లాడుకోవడానికి మిగిలిన సమయమని పిల్లలకు లోపల తెలుసు, కానీ ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనరు. అర్ధరాత్రి దాకా గ్రూపులో మెసేజీలు పెట్టుకోవడం వెనుక చాలాసార్లు ఈ దిగులే ఉంటుంది. వైఫై కట్టేస్తే పిల్లవాడు స్నేహితులను కోల్పోయినట్టు బాధపడతాడు గాని పుస్తకం తీయడు. దానికన్నా అతని స్నేహితులను వారంలో ఒకటి రెండు సార్లు మీ ఇంటికే పిలవండి. నాలుగు చపాతీలు ఎక్కువ చేసి, కూలరు పెట్టి, మీరు పక్కగదిలో ఉండిపోతే చాలు. ఫోను వాడకం తగ్గిందని మీకు మీరే గమనిస్తారు.

ఈతకు వెళ్తామంటే మాత్రం కోచ్ ఉన్న కొలనుకే పంపండి. మీ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ ఉంది. పైకి నిదానంగా కనిపించినా లోపల నీటి వడి చాలా ఎక్కువ, సిమెంటు గట్టు పాచి పట్టి జారుతుంది, ఒకరు జారితే కాపాడబోయిన రెండోవారు కూడా కొట్టుకుపోతారు. ప్రతి వేసవిలో ఈ వార్తలు చదువుతూనే ఉన్నాం.

ఇంకొకటి: హాస్టలుకు వెళ్ళాక నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది చదువు కాదు. బట్టలు ఉతుక్కోవడం, జ్వరం వస్తే ఎవరికి చెప్పాలో తెలియకపోవడం, వార్డెన్‌తో మాట్లాడటానికి జంకడం, చేతిలో డబ్బు నెలాఖరుదాకా సరిపెట్టుకోవడం ఇవన్నీ కొత్తే. మీ అబ్బాయి హాస్టల్లో చేరేటట్టయితే ఈ పనులు ఇప్పుడే నేర్చుకోమనండి. "నీ మంచికే చెబుతున్నాం" అంటే వినబుద్ధి కాదు, "జూన్‌లో నీకు ఇది కావాలి" అంటే ఎవరైనా వింటారు.

ప్రశ్న అడిగిన తల్లి:

ఇంత ఓపికగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. స్నేహితుల విషయం చదివాక నిన్న రాత్రి, ఎవరెవరు ఎక్కడ చేరుతున్నారని మాత్రమే అడిగాను. చాలాసేపు మాట్లాడాడు. ఇద్దరు హైదరాబాదు వెళ్తున్నారట, ఆ మాట చెబుతున్నప్పుడు గొంతు మారింది. దిగులు అదేనని నాకు అప్పుడు అర్థమైంది. ఇష్టమైన ఆట గురించి అడిగితే ముఖం వికసించింది కాబట్టి డాక్టరు గారు చెప్పిన ప్రమాద సూచనలు లేవనే అనుకుంటున్నాను, అయినా గమనిస్తూనే ఉంటాను. పని ఎంచుకోమంటే, మా మామగారి పాత సైకిలును విప్పి బాగుచేస్తానన్నాడు. బ్రిడ్జి కోర్సు వద్దనడానికి మా వారు ఒప్పుకున్నారు గాని, ఎంపీసీలో లెక్కలు ఒక్కసారిగా బరువెక్కుతాయి, బొత్తిగా పుస్తకం ముట్టకపోతే ఎలా అని అడుగుతున్నారు. మాస్టారు గారు ఈ విషయంలో ఏమంటారు?

సమాధానం (తెనాలి విశ్రాంత గణితోపాధ్యాయుడు):

సైకిలు చాలా మంచి ఎంపిక అమ్మా. విప్పిన భాగాలు ఏ వరుసలో విప్పాడో కాగితంమీద రాసుకోమనండి, అంతకుమించి సలహా ఇవ్వకండి. బేరింగు గుళ్ళు దొర్లిపోతే వెతుక్కుంటాడు.

లెక్కల విషయంలో మీ వారి ప్రశ్న న్యాయమైనది. ఇంటర్ పుస్తకం ఇప్పుడే తెరవనక్కరలేదు. మొదటి సంవత్సరంలో పిల్లలు తడబడేది కొత్త పాఠాల వల్ల కాదని, పాత పాఠాల్లో మిగిలిపోయిన సందుల వల్లనని నా అనుభవం. ఆ ఏడాది లెక్కల్లో ప్రమేయాలు, త్రికోణమితి, సరళరేఖ వంటి పాఠాలు వస్తాయి. వీటన్నిటికీ పదో తరగతిలోని త్రికోణమితి సర్వసమీకరణాలు, వర్గ సమీకరణాలు, నిరూపక జ్యామితి, ఎనిమిది తొమ్మిది తరగతుల్లోని బీజగణిత సూత్రాలు చేతికి పట్టుబడి ఉంటే చాలు. ఫలితాలు వచ్చేదాకా అదీ వద్దు. ఆ తర్వాత రోజుకు ముప్పావుగంట, అతను చెప్పిన వేళలో, ఏ అధ్యాయం తనకు రాదని అనిపిస్తోందో అది అతనే ఎంచుకొని చేసుకోవాలి. మీ వారు పక్కన కూర్చొని సరిదిద్దకుండా, వారానికొకసారి ఒక లెక్కను తనకు నేర్పమని అడగమనండి. తండ్రికి చెప్పవలసివచ్చినప్పుడు తనకు ఎక్కడ తెలియదో పిల్లవాడికే తెలిసిపోతుంది. తెలుగు మాధ్యమం నుంచి ఆంగ్ల మాధ్యమంలోకి మారుతున్నట్టయితే పదజాలం ఇప్పుడే అలవాటు చేసుకోవడం అవసరం. మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉండనే ఉంది, ఫ్యాను కింద కూర్చొని పత్రికలు తిరగేసినా మంచిదే. ఎండ ఎక్కకముందే చేరుకొని సాయంత్రం తిరిగి రావాలి.

సమాధానం (విశాఖపట్నం వైద్యురాలు):

మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. కళాశాలలు జూన్ మొదటి వారంలో తెరుస్తారు, హాస్టళ్ళలో తెల్లవారుజామునే లేపుతారు. కాబట్టి మే ఇరవై నాటికే అతని లేచే వేళ ఆరున్నరకు చేరేలా చూడండి. అక్కడినుంచి హాస్టలు వేళకు జరపడం పెద్ద కష్టం కాదు. ఆ చివరి పది రోజుల్లో ఊళ్ళకు ప్రయాణాలు, పెళ్ళిళ్ళు పెట్టుకోకుండా ఉండగలిగితే మరీ మంచిది.